సౌదీలో 8 వేలా, దుబాయ్‌లో 10 వేలా? జీతం కాదు, మిగులు చూడండి

పోయిన నెల ఒక శుక్రవారం రియాద్ నుంచి మా బాజీ వీడియో కాల్ చేసింది. దుల్హా భాయ్‌కి దుబాయ్‌లో ఒక కంపెనీ నుంచి ఆఫర్ వచ్చిందట. ఇప్పుడు సౌదీలో 8,000 రియాళ్లు, అక్కడ 10,000 దిర్హాములు. "నువ్వు బీకాం చదివావు కదా, లెక్క వేసి చెప్పు. వెళ్లాలా, వద్దా?" అని అడిగింది. అమ్మీ పక్కనే ఉంది. "రెండు వేలు ఎక్కువిస్తున్నారు, ఇంకా లెక్కేంటి?" అంది.

ఈ ప్రశ్న మా ఇంట్లోనే కాదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, హైదరాబాద్... గల్ఫ్‌లో మనిషి ఉన్న ఏ ఇంట్లోనైనా ఎప్పుడో ఒకసారి వచ్చేదే. అందుకే మా బాజీ కోసం వేసిన లెక్కనే ఇక్కడ పెడుతున్నాను. అద్దె, స్కూల్, కిరాణా అంకెలు ఆమె రాసి పంపిన ఖర్చుల పుస్తకం నుంచి, అక్కడున్న బంధువులు చెప్పిన రేట్ల నుంచి తీసుకున్నవి. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి. వాటిని పెట్టి మళ్లీ వేసుకోండి. ప్రభుత్వ ఫీజులు, పన్నులు మాత్రం అందరికీ ఒకటే.

ముందు మారకం సంగతి

సౌదీ రియాల్, యూఏఈ దిర్హామ్ రెండూ డాలర్‌కు కట్టేసిన కరెన్సీలు. 1986 నుంచి డాలర్‌కు 3.75 రియాళ్లు. 1997 నుంచి డాలర్‌కు 3.6725 దిర్హాములు. అంటే రూపాయి పడినా లేచినా రెండింటి మధ్య తేడా మారదు. దిర్హామ్ విలువ రియాల్ కంటే రెండు శాతం ఎక్కువ, అంతే.

డాలర్ 90 రూపాయలు అనుకుంటే రియాల్ 24 రూపాయలు, దిర్హామ్ 24 రూపాయల 50 పైసలు. దుల్హా భాయ్ జీతం ఇప్పుడు 1,92,000 రూపాయలు. దుబాయ్‌లో 2,45,000 అవుతుంది. నెలకు 53,000, ఏడాదికి 6 లక్షల 36 వేలు ఎక్కువ. రెండు దేశాల్లోనూ జీతం మీద ఆదాయపు పన్ను లేదు. అమ్మీ అన్నది ఇంతవరకు నిజమే. కానీ జీతం అనేది ఇంట్లోకి వచ్చే డబ్బు. బయటికి పోయే డబ్బు రెండు చోట్లా వేర్వేరు దారుల్లో పోతుంది.

సౌదీలో: తల మీద ఫీజు

2017 జూలైలో సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల మీద ఫీజు పెట్టింది. మనవాళ్లు 'ఫ్యామిలీ ట్యాక్స్' అనేది దీన్నే. మొదట తలకు నెలకు 100 రియాళ్లు. ఏటా వంద చొప్పున పెరిగి 2020 జూలైకి 400 అయింది. ఇఖామా రెన్యువల్ అప్పుడు ముందుగానే కట్టాలి. ఆ ఫీజు మొదలయ్యాక ఎంతమంది భార్యాపిల్లల్ని ఇంటికి పంపించేశారో టోలిచౌకీలో, మెహదీపట్నంలో ఏ స్కూల్‌ని అడిగినా చెప్తారు.

మా బాజీ, ఇద్దరు పిల్లలు. మొత్తం ముగ్గురు. నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్లు. దుల్హా భాయ్ ఏడాది జీతంలో ఇది సరిగ్గా 15 శాతం. రూపాయల్లో 3,45,600. ఈ ఫీజుకు బదులుగా ప్రత్యేకంగా వచ్చే సదుపాయం ఏదీ లేదు. ఉద్యోగి మీద కంపెనీ కట్టే లెవీ వేరు, అది యజమాని బాధ్యత.

రెండోది వ్యాట్. 2018 జనవరి 1న రెండు దేశాల్లోనూ 5 శాతంతో మొదలైంది. యూఏఈలో ఇప్పటికీ అంతే. సౌదీలో మాత్రం 2020 జూలై 1 నుంచి 15 శాతం. బఖాలాలో, సూపర్ మార్కెట్‌లో 1,800 రియాళ్ల బిల్లు అయితే అందులో దాదాపు 235 రియాళ్లు పన్నే. దుబాయ్‌లో 1,800 దిర్హాముల బిల్లులో ఇది 86 దిర్హాములు.

సౌదీ వైపు మంచి కూడా ఉంది. ఉద్యోగికే కాకుండా అతని మీద ఆధారపడిన వాళ్లకూ హెల్త్ ఇన్సూరెన్స్ యజమానే కట్టాలని అక్కడి చట్టం చెప్తోంది. ఇండియన్ ఎంబసీ ఆధ్వర్యంలో నడిచే ఇండియన్ ఇంటర్నేషనల్ స్కూళ్లు రియాద్, జెద్దా, దమ్మామ్‌లలో ఉన్నాయి. వాటి ఫీజు ప్రైవేటు స్కూళ్ల కంటే బాగా తక్కువ. పెట్రోల్ 91 రకం ధరకు 2021 జూలైలో లీటర్‌కు 2.18 రియాళ్ల పరిమితి పెట్టారు. రియాద్‌లో అద్దెలు విపరీతంగా పెరగడంతో 2025 సెప్టెంబర్ 25 నుంచి ఐదేళ్ల పాటు అద్దె పెంచకూడదని ఆదేశం వచ్చింది. ఇప్పుడు రియాద్‌లో ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. ఉమ్రాకు వెళ్లడానికి విమాన టికెట్ అక్కర్లేదు, బస్సు చాలు. దీన్ని ఏ కాలమ్‌లో రాయాలో నాకు తెలియలేదు కానీ, బాజీ మాత్రం మొదటి కాలమ్‌లోనే రాయమంది.

బాజీ ఇంటి ఏడాది లెక్క ఇది (రియాళ్లలో):

- పాత ఏరియాలో రెండు గదుల ఇల్లు: 26,000
- కుటుంబ సభ్యుల ఫీజు: 14,400
- ఇద్దరి స్కూల్, బస్సు: 12,000
- కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్: 4,800
- కిరాణా, ఇంటి ఖర్చు: 21,600
- కారు, పెట్రోల్: 5,000
- నలుగురికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ (తలకు 200): 800

మొత్తం 84,600. వచ్చేది 96,000. మిగిలేది 11,400 రియాళ్లు, అంటే 2,73,600 రూపాయలు. ఇందులోంచే ఇండియాకు టికెట్లు కొనాలి. గమనించండి, ఏడాదంతా వీళ్లు దాచుకునే దానికంటే ఫ్యామిలీ ఫీజే ఎక్కువ.

దుబాయ్‌లో: తల మీద కాదు, గోడల మీద

యూఏఈలో నెలనెలా తలకు ఇంత అని ఫీజు లేదు. జీతం 4,000 దిర్హాములు ఉంటే, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఇస్తే, కుటుంబాన్ని స్పాన్సర్ చేసుకోవచ్చు. వీసా, ఎమిరేట్స్ ఐడీ ఖర్చు రెండేళ్లకు ఒకసారి వస్తుంది. ఊరికి వెళ్లాలంటే ఎగ్జిట్ పర్మిట్ అక్కర్లేదు. పెళ్లికాని కొడుకును 25 ఏళ్ల దాకా స్పాన్సర్ చేయొచ్చు.

కానీ అక్కడ డబ్బంతా ఇంటి అద్దెకు పోతుంది. దుబాయ్‌లో అద్దె మీద మరో 5 శాతం హౌసింగ్ ఫీజు కరెంటు బిల్లులో కలిపి వసూలు చేస్తారు. అద్దె కూడా నెలనెలా కాదు, ఏడాదికి కొన్ని చెక్కులుగా ముందే ఇవ్వాలి. చెక్కులు ఎంత తక్కువైతే అద్దె అంత తగ్గుతుంది. కొత్తగా వచ్చినవాడి దగ్గర ఆ డబ్బు ఉండదు కాబట్టి అతనికి తగ్గింపు కూడా ఉండదు. అద్దె ఎంత పెంచవచ్చో చట్టం ఉంది. 2013 నాటి ఆదేశం ప్రకారం, మీ అద్దె ఆ ఏరియా సగటుకు ఎంత తక్కువగా ఉందో చూసి 5 నుంచి 20 శాతం దాకా పెంచొచ్చు. సగటు కంటే 10 శాతం లోపు తక్కువుంటే అసలు పెంచకూడదు. పెంచాలంటే 90 రోజుల ముందు చెప్పాలి.

స్కూళ్లు ప్రైవేటువే. సీబీఎస్‌ఈ స్కూళ్లలో తక్కువ ఫీజువి ఉన్నా, రియాద్ ఎంబసీ స్కూల్ కంటే ఎక్కువే. హెల్త్ ఇన్సూరెన్స్ దుబాయ్‌లో ఉద్యోగికి కంపెనీ ఇవ్వాలి. భార్యాపిల్లలకు మాత్రం స్పాన్సర్, అంటే దుల్హా భాయ్ కట్టుకోవాలి.

దుబాయ్‌లోనే ఉంటే ఏడాది లెక్క (దిర్హాముల్లో):

- సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్: 60,000
- 5 శాతం హౌసింగ్ ఫీజు: 3,000
- ఇద్దరి స్కూల్, బస్సు: 26,000
- ముగ్గురి ఇన్సూరెన్స్: 2,400
- వీసాలు (రెండేళ్ల ఖర్చులో సగం): 1,800
- కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్: 7,200
- కిరాణా, ఇంటి ఖర్చు: 21,600
- మెట్రో, బస్సు: 4,200

మొత్తం 1,26,200. వచ్చేది 1,20,000. అంటే 6,200 దిర్హాములు అప్పు! జీతం దాదాపు 28 శాతం పెరిగి, ఇల్లు ఒక గది తగ్గి, పైగా లోటు.

షార్జా దారి

అందుకే మనవాళ్లు చాలామంది దుబాయ్‌లో పని, షార్జాలో కాపురం అన్నట్టు ఉంటారు. ఆ లెక్క కూడా వేశాను. ఫ్లాట్ 36,000, అగ్రిమెంట్ ఫీజులు 1,500, స్కూల్ 20,000, ఇన్సూరెన్స్ 2,400, వీసాలు 1,800, కరెంటు నీళ్లు 7,200, కిరాణా 21,600, కారు ఖర్చు 12,000. మొత్తం 1,02,500. మిగిలేది 17,500 దిర్హాములు. రూపాయల్లో దాదాపు 4,29,000.

కారు ఖర్చు 12,000 ఎందుకు అంటారా? 2025 జనవరి 31 నుంచి దుబాయ్ సాలిక్ గేటు రద్దీ వేళల్లో 6 దిర్హాములు అయింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి దాటినా రోజుకు 12. నెలకు 22 రోజులకు 264. గేట్లకే ఏడాదికి మూడు వేల పైన. మిగతాది పెట్రోల్, పార్కింగ్, రిపేర్లు.

ఇప్పుడు అసలు పోలిక. రియాద్‌లో మిగులు 2,73,600. షార్జాలో 4,29,000. తేడా ఏడాదికి ఒక లక్షా 55 వేలు. కాగితం మీద 6 లక్షల 36 వేలుగా కనిపించిన పెంపులో చేతికి వచ్చేది నాలుగో వంతు. అది కూడా ఊరికే కాదు. షార్జా-దుబాయ్ ట్రాఫిక్‌లో రోజుకు రెండున్నర గంటలు అనుకుంటే ఏడాదికి 600 గంటలు స్టీరింగ్ ముందే పోతాయి. గంటకు దాదాపు 258 రూపాయల చొప్పున ఓవర్‌టైమ్ చేసినట్టు లెక్క.

ఆఫర్ లెటర్‌లో అందరూ చూడని లైను

దుల్హా భాయ్ ఆఫర్ లెటర్‌లో మొత్తం 10,000 అని పెద్దగా ఉంది. కింద చిన్నగా 'బేసిక్ 5,000' అని ఉంది. ఈ చిన్న లైను విలువ లక్షల్లో ఉంటుంది.

సర్వీస్ అయిపోయాక ఇచ్చే గ్రాట్యుటీ యూఏఈలో బేసిక్ మీదే లెక్కిస్తారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, తర్వాత 30 రోజులు. అంటే దుల్హా భాయ్‌కి ఏడాదికి 3,500 దిర్హాములు. సౌదీలో చివరి వాస్తవ జీతం మీద లెక్కిస్తారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల, తర్వాత ఏడాదికి ఒక నెల. అతనికి ఇప్పటికే ఆరేళ్లు నిండాయి. ఇక నుంచి సౌదీలో గడిచే ప్రతి ఏడాదీ 8,000 రియాళ్లు జమ అవుతున్నట్టే.

అయితే సౌదీలో ఒక మెలిక ఉంది. మనమే రాజీనామా చేస్తే రెండేళ్ల లోపు ఏమీ రాదు. రెండు నుంచి ఐదేళ్ల మధ్య మూడో వంతు, ఐదు నుంచి పదేళ్ల మధ్య మూడింట రెండు వంతులు, పదేళ్లు నిండితేనే పూర్తిగా వస్తుంది. ఇప్పుడు రాజీనామా చేస్తే అతనికి రావాల్సిన 28,000లో 18,667 రియాళ్లే చేతికొస్తాయి. మిగతా 9,333 అక్కడే పోతాయి. కాంట్రాక్టు గడువు ముగిసి రెన్యువల్ కాకపోతే మాత్రం మొత్తం ఇవ్వాలి. కాబట్టి మారాలనుకునేవాళ్లు రాజీనామా తేదీని కాంట్రాక్టు తేదీతో కలిపి చూసుకోవాలి. యూఏఈలో ఏడాది నిండితే చాలు, రాజీనామా చేసినా గ్రాట్యుటీలో కోత లేదు.

ఇంకోటి. ఉద్యోగం పోతే యూఏఈలో కొంత ఆధారం ఉంది. 2023 జనవరి 1 నుంచి ఉద్యోగ నష్ట బీమా తప్పనిసరి. బేసిక్ 16,000 లోపు ఉంటే నెలకు 5 దిర్హాములే. ఉద్యోగి తప్పు లేకుండా పని పోతే బేసిక్‌లో 60 శాతం మూడు నెలల దాకా వస్తుంది. సౌదీలో విదేశీయులకు ఇలాంటిది లేదు.

అసలు గడువు పిల్లలది

ఇంతవరకు వేసింది ఏడాది లెక్క. ఎన్నేళ్లకు వేయాలి? ఇది పాప వల్ల తేలింది. ఆమె ఆరో తరగతి. డాక్టర్ అవుతానంటోంది.

తెలంగాణలో మెడికల్ సీట్ల లోకల్ కోటా కావాలంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ, అంటే 9 నుంచి 12 దాకా, రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న నిబంధన ఉంది. సుప్రీంకోర్టు దీన్ని 2025 సెప్టెంబర్ 1న సమర్థించింది. అమ్మానాన్నలు కరీంనగర్ వాళ్లే అయినా, ఆధార్ ఇక్కడిదే అయినా, రియాద్‌లోనో షార్జాలోనో పన్నెండు చదివిన పిల్ల ఇక్కడ లోకల్ కాదు. ఇంజినీరింగ్‌కి అయితే గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ఎన్‌ఐటీల లాంటి చోట్ల ప్రత్యేక సీట్లు ఉన్నాయి. మెడిసిన్‌కి ఆ దారి లేదు. చాలామందికి మిగిలేది ఎన్‌ఆర్‌ఐ కోటా. ఆ ఫీజు ముందు పైన వేసిన లెక్కలన్నీ చిల్లరే.

అంటే పాప తొమ్మిదో తరగతికల్లా ఇక్కడ ఉండాలి. దుబాయ్ వెళ్లినా కుటుంబం అంతా కలిసి ఉండేది మూడేళ్లే.

మూడేళ్ల లెక్క చూద్దాం. షార్జా వల్ల అదనపు మిగులు 4,65,000 రూపాయలు. గ్రాట్యుటీ విషయానికొస్తే, సౌదీలోనే ఉండి తొమ్మిదేళ్లకు రాజీనామా చేస్తే 34,667 రియాళ్లు. ఇప్పుడే మారితే ఇక్కడి 18,667 రియాళ్లు, అక్కడ మూడేళ్లకు 10,500 దిర్హాములు. నష్టం దాదాపు 1,27,000 రూపాయలు. ఇల్లు మారడం, డిపాజిట్, ఏజెంట్ కమిషన్, మంచాలు, ఫ్రిజ్, పిల్లల అడ్మిషన్లు కలిపి 10,000 దిర్హాములు అనుకుంటే 2,45,000. రెండూ తీసేస్తే మిగిలేది 93,000. మూడేళ్ల కష్టానికి లక్ష లోపు!

మరి ఇంటికి పంపించేస్తే?

డబ్బు ఒక్కటే చూస్తే అన్నిటికంటే లాభం ఏదో అందరికీ తెలుసు, ఎవరూ గట్టిగా చెప్పరు. కుటుంబాన్ని ఊరికి పంపి దుల్హా భాయ్ రియాద్‌లో షేరింగ్ రూమ్‌లో ఉంటే అతని ఖర్చు ఏడాదికి 17,000 రియాళ్లు దాటదు. మిగతా 79,000 అంటే 18,96,000 రూపాయలు. కరీంనగర్‌లో ఇల్లు, స్కూల్, అన్నీ కలిపి నెలకు 45,000 పెట్టినా ఏడాదికి 13 లక్షల 56 వేలు మిగులుతాయి. షార్జా మిగులుకు మూడు రెట్ల పైన.

ఈ అంకె చెప్పినప్పుడు ఫోన్‌లో ఎవరూ మాట్లాడలేదు. మా అబ్బా 14 ఏళ్లు జెద్దాలో ఉన్నారు. రెండేళ్లకు ఒకసారి రెండు నెలలు వచ్చేవారు. బాజీకి, నాకు ఆయన ముందు క్యాసెట్‌లో గొంతు, తర్వాత ఎస్టీడీ బూత్‌లో ఆదివారం. ఇల్లు కట్టారు, మమ్మల్ని చదివించారు. ఆ లెక్క తప్పని నేను అనను. కానీ బాజీ ఒకటే మాట అంది: "మూడేళ్లు ఎలాగూ ఉన్నాయి కదా. ఆ మూడేళ్లూ పిల్లలు వాళ్ల అబ్బాతో ఉండాలి." తొమ్మిదో తరగతి వచ్చేసరికి ఆ విడిపోవడం తప్పదని ఆమెకూ తెలుసు.

చివరికి ఏం తేలింది

బాజీ బీఎడ్ చేసింది. సౌదీలో భర్త వీసా మీద ఉన్న భార్యకు పరిమిత రంగాల్లోనే పని అనుమతి. యూఏఈలో భర్త స్పాన్సర్‌షిప్ మీద ఉంటూనే వర్క్ పర్మిట్‌తో ఉద్యోగం చేయొచ్చు. స్కూల్లో 3,000 దిర్హాముల పని దొరికినా ఏడాదికి 36,000, అంటే 8,82,000 రూపాయలు. మొత్తం లెక్క తలకిందులయ్యేది ఇక్కడే. దుల్హా భాయ్ జీతం పెరగడం వల్ల కాదు, బాజీ సంపాదించగలగడం వల్లే దుబాయ్‌కి అర్థం వస్తుంది. అందుకు ఆమె డిగ్రీ, బీఎడ్ సర్టిఫికెట్లు ముందు రాష్ట్రంలో, తర్వాత విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ దగ్గర అటెస్ట్ చేయించాలి. ఆ ఫైలు ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది.

దుల్హా భాయ్ కంపెనీకి తిరిగి రాశాడు. జీతం పెంచమని కాదు. బేసిక్ 7,000 చేయమని, పిల్లల స్కూల్ ఫీజులో సగం ఇవ్వమని అడిగాడు. జవాబు రావాలి.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఆఫర్ వస్తే అవును అనే ముందు ఈ ఆరు అడగండి:

- మొత్తం జీతంలో బేసిక్ ఎంత?
- ఇల్లు, స్కూల్, కుటుంబ ఇన్సూరెన్స్‌లో కంపెనీ ఏది ఇస్తోంది? కాగితం మీద ఉందా?
- పని ఎక్కడ, అద్దె కట్టగలిగే ఇల్లు ఎక్కడ? మధ్యలో ఎన్ని గంటలు?
- ఇప్పుడున్న చోట రాజీనామా చేస్తే సర్వీస్ డబ్బులో ఎంత పోతుంది?
- భార్య చదువుకు అక్కడ పని ఉందా?
- పెద్ద పిల్ల తొమ్మిదో తరగతికి ఎన్నేళ్లు ఉంది?

ఈ ఆరింటికీ జవాబులు రాసుకుని, ఏడాది చివర చేతిలో ఎంత మిగులుతుందో చూడండి. నెల జీతం బంధువులకు చెప్పుకోవడానికి బాగుంటుంది. ఇల్లు నడిచేది మాత్రం మిగులుతోనే.